ఓడ హోటల్లో చిలక ఈలలు

తుఫాను లేదు, కొండ గుద్దుకోలేదు, చుట్టుపక్కల చుక్క నీరు కూడా లేదు. అయినా ఒక నిండు ఓడని పట్టపగలు, కేకు కోసే వేళకి, నిలువునా ముంచిన మనిషి ఈ లోకంలో ఉందంటే అది నేనే. ఇలాంటివి నలుగురిలో చెప్పుకోకూడదని మా అమ్మ అంటుంది. నాకు మాత్రం చెప్పుకున్న ప్రతిసారీ ఛాతీ కాస్త పొంగుతుంది. ఎందుకు పొంగుతుందో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

ముందు ఓడ సంగతి. ఇలినాయ్‌లో మేముండే నేపర్‌విల్‌కి సముద్రం ఎంత దూరమో నాకు తెలియదు కానీ మొక్కజొన్న చేలు మాత్రం చాలా దగ్గర. అలాంటి ఊళ్ళో, టైర్ల షాపుకీ డ్రైక్లీనింగ్ షాపుకీ మధ్యన, ఒక పెద్ద చెక్క ఓడ దారి తప్పి వచ్చినట్టు కూర్చుని ఉండేది. మా నాన్న నిక్కర్లు వేసుకునే కాలంలో ఎవరో ముచ్చటపడి కట్టించిన రెస్టారెంట్ అది. గుండ్రటి కిటికీలు, పైకప్పు నుంచి వేలాడే వలలు, మధ్యలో తిప్పితే కిర్రుమనే చుక్కాని చక్రం. దాని ఇంగ్లీషు పేరు నోరు తిరగక మా నాన్న ‘ఓడ హోటల్’ అన్నాడు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఆ పేరే ఖాయమైపోయింది.

మేము బెజవాడ నుంచి వచ్చేటప్పటికి నాకు పదిహేనేళ్ళు. 2004 వేసవికి పదిహేడు నిండాయి. మా హైస్కూల్లో ఆడపిల్లలందరూ సెలవుల్లో ఏదో ఒక ఉద్యోగం చేసేవాళ్ళు. అప్పటికే మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది కనుక నేనూ చేస్తానన్నాను. నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. అమ్మ ఒప్పుకోలేదు కానీ, కారులో ఎక్కించుకుని ఇంటర్వ్యూకి దింపింది.

ఆ ఓడ యజమాని పేరు హ్యాంక్. డెబ్బై దాటిన మనిషి. తెల్ల గడ్డం, నీలం టోపీ. అందరూ ఆయన్ని ‘కెప్టెన్’ అనేవారు. ఆయన మాటలు గడ్డంలోంచి వడకట్టుకుని వచ్చేవి. నా ఇంగ్లీషు సంగతి చెప్పాలంటే, చదివితే అర్థమయ్యేది, రాస్తే మార్కులు వచ్చేవి, ఎవరైనా మాట్లాడితే మాత్రం సగం గాలికి పోయేది. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. అవతలివాళ్ళు ఏమన్నా సరే, నవ్వి, “ష్యూర్, నో ప్రాబ్లమ్!” అనడం. ఈ మంత్రంతో రెండేళ్ళు బడిలో నెట్టుకొచ్చాను. ఇంటర్వ్యూలోనూ అదే జపించాను. కెప్టెన్ అడిగిన ప్రతిదానికీ నాకు ఏ ప్రాబ్లమూ లేకపోయేసరికి ఆయన ముగ్ధుడై అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చాడు.

ఉద్యోగంతోపాటు యూనిఫామ్ కూడా ఇచ్చాడు. నలుపు తెలుపు చారల చొక్కా, తలకి ఎర్ర గుడ్డ, ఎడమ కంటికి నల్ల పట్టీ. అవి వేసుకుని హాల్లోకి వస్తే అమ్మ చేతిలో గరిట జారింది.

“ఇదేం వేషమే!”

“సముద్రపు దొంగ వేషం అమ్మా. అందరూ ఇదే వేసుకుంటారు.”

“దొంగ వేషమా! మీ తాతయ్య పోలీసు డిపార్ట్‌మెంట్‌లో రిటైరయ్యాడు. ఈ ఫోటో మాత్రం ఆయనకి పంపకు.” కాసేపు నన్ను కిందినుంచి పైదాకా చూసి నిట్టూర్చింది. “పోనీలే, ఒక కన్నయినా వదిలిపెట్టారు. దానికి కాటుక పెట్టుకో.”

నాన్న ఆనందానికి మాత్రం పట్టపగ్గాల్లేవు. రోజూ షికాగో వెళ్ళే ట్రైన్‌లో ఆయనకో తెలుగు బృందం ఉండేది. మర్నాడే వాళ్ళకి చెప్పేశాడు.

“మా శైలజ ఓడలో జాయిన్ అయిందండీ.”

“నేవీనా సార్?”

“కాదు. ప్రైవేటు ఓడ.”

ఒంటి కంటితో చూస్తే దూరం అంచనా తెలియదని మీకెవరైనా చెప్పారా? నాకెవరూ చెప్పలేదు. మొదటి వారం సూప్ గిన్నెలు బల్లకి జానెడు ఇవతలే దించాను. బల్ల కిందకి వంగి తుడవడంలో ఆ ఓడలో నాకు సాటి లేదు. సీనియర్ వెయిట్రెస్ కెల్లీ జాలిపడి, “పట్టీ నుదుటి మీదకి జరుపుకో షైలా, ఎవరూ చూడరు” అనేది. నేను జరపలేదు. యూనిఫామ్ అంటే యూనిఫామే. తాతయ్య రక్తం!

ఇక అసలు కథకి కావాల్సిన వస్తువు ఒకటుంది. ఆ ఓడలో తిన్న ప్రతి చిన్నపిల్లకీ ఇంటికెళ్ళేటప్పుడు ఏదో ఒక బొమ్మ ఇచ్చేవాళ్ళం. నా కాలానికి అది ప్లాస్టిక్ ఉంగరమో, అట్టతో చేసిన కంటి పట్టీనో. గుమ్మం దగ్గర బుట్టలో పోసి ఉండేవి. కానీ ఓడ కొత్తలో మాత్రం అలా కాదట. అప్పట్లో రేకుతో చేసిన చిలక ఈల ఇచ్చేవారట. అరచేతిలో పట్టేంత చిలక, తోకలో ఊదితే ముక్కులోంచి కూత. ఆ చిలక బొమ్మ గీసింది కెప్టెన్ భార్య రోజ్. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఈలల తయారీ అంతకు ముందే ఆగిపోయింది. గల్లాపెట్టె వెనకాల గోడమీద అద్దాల చట్రంలో ఒకే ఒక్క చిలక ఉండేది. రోజూ ఆ అద్దం తుడిచేదాన్ని.

అద్దంలో పెట్టినది విలువైనదని తెలియదా అని మీరు అడగవచ్చు. మా ఇంట్లో అద్దాల అల్మారా నిండా గాజు గ్లాసులుంటాయండీ. పెళ్ళినాటి నుంచీ ఎవరూ వాడలేదు. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

చేరిన నెలలోనే నేనొక ఘనకార్యం చేశాను. మా లలిత ఆంటీ కొడుకు బన్నీకి అయిదో పుట్టినరోజు వస్తోందంటే, ఆ పార్టీని నా ఓడకి బుక్ చేశాను. ఆ మధ్య శనివారాలు మా ఓడలో ఈగలు కూడా లంచ్‌కి వచ్చేవి కావు. అలాంటిది ఒకేసారి పాతికమంది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు! కెప్టెన్ నా భుజం తట్టాడు. ఆ భుజాన్ని మూడు రోజులు ఎవరికీ తగలనివ్వలేదు.

పార్టీకి ముందు రోజు సాయంత్రం కెప్టెన్ నిచ్చెన వేసుకుని అటక మీంచి ఒక పాత అట్టపెట్టె దించాడు. చంటిపిల్లకి తల తుడిచినట్టు దాని దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టి, నన్ను పిలిచాడు.

“షైలా, రేపు పిల్లలు వస్తున్నారు.”

“యా, ఐ నో!” అన్నాను. నాకు తెలియకపోవడమేమిటి, బుక్ చేసిందే నేనాయె!

“ఎంతకాలం నుంచో ఎదురుచూస్తున్నారు.”

ఓడలో పార్టీ అన్నప్పటి నుంచీ బన్నీ అన్నం తినడం మానేశాడని లలిత ఆంటీ చెప్పింది. “యా, వెరీ ఎక్సైటెడ్!”

“రెండింటికి వస్తారు. నేను కేక్ తేవడానికి వెళ్తాను, కాస్త ఆలస్యం కావచ్చు. వాళ్ళని కూర్చోబెట్టు. ఈ పెట్టె వాళ్ళది. ఒక్కొక్కరికి ఒక్కటి. రోజ్ ఉంటే తనే ఇచ్చేది.”

రెండింటికా? నేను పదకొండింటికని బుక్ చేశానే! ఒక్క క్షణం ఆలోచించాను. వెంటనే కెప్టెన్ మీద గౌరవం పెరిగింది. మన తెలుగువాళ్ళు పదకొండంటే ఎన్నింటికి వస్తారో ఎవరో ఈయనకి ముందే చెప్పారన్నమాట!

తర్వాత ఆయన కిటికీ వైపు తిరిగి ఇంకా చాలాసేపు చెప్పాడు. కళ్ళు తడి అయ్యాయి. అందులో నాకు ‘క్లబ్’ అన్న మాటొకటి, ‘ఫార్టీ ఇయర్స్’ అన్న మాటొకటి అందాయి. మిగతాదంతా గడ్డంలోనే ఉండిపోయింది. మా బన్నీ పుట్టినరోజుకి ఈయన ఇంతగా కదిలిపోవడం చూసి నాకూ కళ్ళు చెమర్చాయి. ఆయన ఇటు తిరిగి, “అర్థమైందా?” అన్నాడు.

ఏమన్నానో మీకు తెలుసు.

మర్నాడు పదకొండింటి పార్టీకి మనవాళ్ళు ఒంటిగంటకి వచ్చారు. వచ్చీ రావడంతోనే పిల్లలు వలలు పట్టుకుని వేలాడారు. చుక్కాని చక్రం దగ్గర క్యూ, క్యూలో కొట్లాట. బన్నీ నాన్న సుధాకర్ అంకుల్ వీడియో కెమెరాతో అందరినీ వెనక్కి జరగమంటున్నాడు. అమ్మ ఇంటినుంచి తెచ్చిన కారప్పొడిని ఫ్రెంచ్ ఫ్రైస్ మీద చల్లుతోంది. నేను ఒంటి కంటితో ఆ సైన్యాన్నంతా ఏలుతున్నాను. లలిత ఆంటీ అందరికీ వినబడేలా, “మా శైలూయే అన్నీ చూసుకుంటోంది” అంది. అప్పటికి నేను నేలకి నాలుగు అంగుళాల పైన నడుస్తున్నాను.

లలిత ఆంటీ తెచ్చిన కేకు కోశాక పెట్టె తెచ్చాను. కెల్లీ అడ్డం వచ్చింది.

“షైలా, ఆ పెట్టె ఇవ్వమని కెప్టెన్ చెప్పాడా?”

“పర్సనల్‌గా చెప్పాడు.”

“ఈ పిల్లలకేనా?”

“వేరే పిల్లలెవరున్నారు కెల్లీ?”

“నేను ఇన్నేళ్ళుగా ఉన్నాను. ఆ పెట్టె ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒకసారి ఫోన్ చేసి అడుగుదామా?”

“ఆయనకి సెల్ ఫోన్ లేదుగా! డోంట్ వర్రీ, ఇది నా పార్టీ.”

తాను పట్టిన చిలకకి మూడే రెక్కలు అన్నట్టు ఉండేదాన్ని ఆ రోజుల్లో. పెట్టె తెరిచాను. లోపల మైనం కాగితపు పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి పొట్లం మీదా ఆకుపచ్చ సిరాతో చిలక బొమ్మ. ఒకటి విప్పితే రేకు చిలక తళుక్కుమంది! ఎరుపువి, పచ్చవి, పసుపువి. పిల్లలు ఒక్క పెట్టున “ఓ!” అన్నారు.

ఇక్కడ నా పెంపకం గురించి ఒక మాట చెప్పాలి. మన ఇళ్ళలో అతిథికి అరటిపండు ఇస్తే తొక్క కొంచెం ఒలిచి ఇస్తాం. అదీ మర్యాద. చంటి చేతులు పొట్లాలతో అవస్థ పడటం నేను చూడలేకపోయాను. అందుకని ప్రతి పొట్లాన్నీ నా చేత్తో పర్రుమని చింపి, చిలకని తీసి, ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. అల్లుడైనా కొంచెం మిగిల్చి ఉంటాడు.

మరుక్షణం పాతిక చిలకలు ఒక్కసారి కూశాయి. చిలకల చెట్టు మీద పిల్లి దూకితే వచ్చే చప్పుడు. పెద్దలందరూ చెవులు మూసుకుని నవ్వుతున్నారు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో ఒక గుంపు. అందరూ అమెరికన్లే. యాభైకి తక్కువ వయసు ఒక్కరికీ లేదు. కొందరి చేతుల్లో కర్రలు. నెత్తి మీద మాత్రం చిన్నపిల్లలు పెట్టుకునే కాగితపు కెప్టెన్ టోపీలు! బట్టతలల మీద ఆ టోపీలు గుమ్మడికాయ మీద దోసగింజల్లా ఉన్నాయి. ముందు నిలబడ్డావిడ పొట్టిగా, బొద్దుగా, నవ్వుతూ ఉంది. పేరు మార్జ్ అని తర్వాత తెలిసింది.

నేను హుందాగా అడ్డం వెళ్ళాను. “సారీ మేడమ్. ప్రైవేట్ పార్టీ. కిడ్స్ ఓన్లీ.”

“మేమే కిడ్స్,” అంది ఆవిడ.

కస్టమర్ జోకు వేస్తే నవ్వాలని కెల్లీ నేర్పింది. పగలబడి నవ్వాను. “వెరీ ఫన్నీ, మేడమ్!”

ఆవిడ నవ్వలేదు. ఆవిడ నా భుజం మీదుగా లోపలికి చూస్తోంది. చెవి అటు పెట్టి వింటోంది. మెల్లగా నోరు తెరిచింది. “లెన్,” అంది పక్కనున్నాయనతో, “అది... ఆ కూతేనా?”

లెన్ అనే ఆ పొడుగాటాయన కర్ర ఆనించి వంగి, బల్ల కిందనుంచి ఒక చిరిగిన మైనం కాగితం తీశాడు. పురోహితుడు విభూది పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

“ఇది ఎవరు చింపారు?”

“నేనే సార్!” అన్నాను గర్వంగా.

“అన్నీనా?”

“అన్నీ. ఒక్కటి కూడా వదల్లేదు.”

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. ఆ రోజు మొత్తమ్మీద నేను చేసిన సరైన పని అదొక్కటే.

అప్పుడు మార్జ్ నా చెయ్యి పట్టుకుని, కుట్టుపని నేర్పినట్టు నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. వాళ్ళంతా చిన్నప్పుడు ఈ ఓడలో తిన్న పిల్లలు. ఇలాంటి పాత రెస్టారెంట్లలో పిల్లలకిచ్చిన బొమ్మలు, టోపీలు, కప్పులు సేకరించే క్లబ్ వాళ్ళది. ఈ చిలక ఈల దొరకడం చాలా కష్టం. పొట్లం విప్పనిది అసలు ఎక్కడా లేదు. చివరి పెట్టె తన దగ్గర ఉందని, తలా ఒకటి ఇస్తానని, నలభై ఏళ్ళుగా తను ఎవరికీ ఇవ్వలేకపోయానని కెప్టెన్ ఉత్తరం రాశాడట. కొందరు పొరుగు రాష్ట్రాల నుంచి కారు నడుపుకుంటూ వచ్చారు.

“విప్పనివి ఇంకెక్కడా లేవు,” అని మళ్ళీ అంది మార్జ్.

ఇప్పుడు ఇక్కడా లేవు. ఆ ముక్క నేను పైకి అనలేదు.

నా కాళ్ళు ఓడ నేలలో దిగబడుతున్న సమయానికి కెప్టెన్ వచ్చాడు. రెండు చేతులా పెద్ద కేకు. దాని మీద నీలం అక్షరాలు. నాకు చదివితే అర్థమవుతుందని చెప్పానుగా. ‘వెల్‌కమ్ బ్యాక్, కిడ్స్!’ అని ఉంది. బన్నీ ఎదురెళ్ళి, ఆయన మొహంలోకి తలెత్తి, చిలకని గట్టిగా ఊది స్వాగతం చెప్పాడు.

కెప్టెన్ చిన్నపిల్లల వంక చూశాడు. పెద్దపిల్లల వంక చూశాడు. నేలమీది కాగితాల వంక చూశాడు.

“షైలా.”

“ఎస్, కెప్టెన్.”

“పెట్టె ఏది?”

“పిల్లలకిచ్చేశాను కెప్టెన్. ఒక్కొక్కరికి ఒక్కటి.”

ఆయన కేకు బల్ల మీద పెట్టి, టోపీ తీసి, వంగి ఒక చిరిగిన కాగితం ఏరుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అది చూశాక నాలో తాతయ్య రక్తం మళ్ళీ పొంగింది. చోరీ సొత్తు రికవరీకి దిగాను. చుక్కాని దగ్గరున్న మైక్ అందుకుని తెలుగులో ప్రకటించాను.

“పిల్లలూ, పొరపాటు జరిగింది. మీ ఈలలన్నీ అక్కకి ఇచ్చేయాలి.”

“నో!” అన్నారు పాతికమందీ ముక్తకంఠంతో. అమెరికాలో పుట్టిన పిల్లలకి తెలుగు అర్థం కాదని దిగులుపడే తల్లిదండ్రులు ఆ రోజు అక్కడ ఉండాల్సింది. ఒక్కరికి కూడా అర్థం కాకుండా పోలేదు.

లలిత ఆంటీ లేచింది. “అదేమిటే శైలూ? ఇచ్చినవి మళ్ళీ అడుగుతావేంటి?”

“అవి వేరే పిల్లలవి ఆంటీ.”

“ఏ పిల్లలు?”

టోపీల గుంపుని చూపించాను. ఆంటీ వాళ్ళని చూసింది, నన్ను చూసింది. “నీకేమైనా ఎండ దెబ్బ తగిలిందా? ఆ తాతగార్లకి ఈలలెందుకు? అయినా మేము రిటర్న్ గిఫ్ట్ అంటే పిల్లలకిచ్చి పంపడం అనుకుంటున్నాం. గిఫ్ట్ రిటర్న్ చేయడం అని నాకు తెలియదమ్మా!”

ఇక చేసేది లేక కెప్టెన్ దగ్గరికి వెళ్ళాను. అమెరికా వచ్చాక మొదటిసారి నా మంత్రం పక్కన పెట్టాను. “కెప్టెన్, నిన్న మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు నవ్వాను.”

“అడగొచ్చుగా, షైలా?”

“అడిగితే ఇంగ్లీష్ రాదని ఉద్యోగం తీసేస్తారనుకున్నాను.” ఏడుపు వచ్చేసింది. రెండు కళ్ళూ ఏడిచాయి కానీ ఒకదాన్ని పట్టీ దాచేయడంతో, సగమే పశ్చాత్తాపపడుతున్నట్టు కనిపించి ఉంటాను.

కెప్టెన్ నోరు తెరిచేలోపు, బన్నీ మార్జ్ ముందు నిలబడి ఉండడం అందరం చూశాం. వాడు ఆవిడని పరీక్షగా చూస్తున్నాడు.

“ఆర్ యూ శాడ్?”

“కొంచెం.”

వాడు తన చిలకని చూసుకున్నాడు. వాళ్ళింట్లో చెల్లెలితో రోజూ అమలయ్యే చట్టమే ఇక్కడా ప్రకటించాడు. “యూ కెన్ హ్యావ్ వన్ టర్న్. ఓన్లీ వన్.”

మార్జ్ ఆ ఈలని అందుకుంది. ఇంట్లో ఆవిడకి ఒకటుందట, తాళం వేసిన అద్దాల పెట్టెలో. అయిదేళ్ళప్పుడు ఊదడమే, మళ్ళీ ఊదలేదట. కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని ఊదింది. కూత రాలేదు. లోపల ఇరుక్కున్న కేకు క్రీమ్ మాత్రం చిలక ముక్కులోంచి తూటాలా వెలువడి కెప్టెన్ గడ్డంలో దిగింది.

కెప్టెన్ గడ్డం తడుముకున్నాడు. క్రీమ్ వేలికి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఎక్కడో ఓడ అడుగునుంచి వచ్చినట్టు నవ్వు మొదలైంది. నవ్వీ నవ్వీ చుక్కాని చక్రం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. “రోజ్ ఇది చూసుంటే! బతికున్నన్నాళ్ళూ నన్ను తిట్టింది, పిల్లల బొమ్మలు అటకెక్కించావేమిటని!”

మార్జ్ రెండోసారి ఊదింది. ఈసారి చిలక కూసింది. లెన్ కర్ర వదిలేసి లేచి వచ్చి, బన్నీ ముందు నిలబడ్డాడు. “నాకూ ఒక టర్న్ ఇస్తావా?” ఆయన వెనక ఇంకొకరు. రెండు నిమిషాల్లో యాభై దాటిన పిల్లలు అయిదేళ్ళ పిల్లల ముందు బారులు తీరారు. బన్నీ అందరినీ అదిలిస్తున్నాడు. “నో పుషింగ్!”

ఆ తర్వాత జరిగిన దానికి నేను ఈనాటికీ గర్వపడతాను. క్లబ్ వాళ్ళు మార్చుకోవడానికి తమతో పాత సామాను తెచ్చుకున్నారు. బల్ల మీద పరిచే బొమ్మల కాగితాలు, టోపీలు, ఓడ ఆకారపు మెనూ కార్డులు. చిలకలకి వాటితో బేరం మొదలైంది. నేను దుబాసీని. లెన్ ఒక బొమ్మ కాగితం చూపించి ఒక చిన్నపిల్లని అడిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. రెండు చూపించాడు. ఊహూఁ. ఆయన నెత్తి మీది టోపీ వైపు వేలు చూపించింది. పాపం, చిన్ననాటి టోపీ. ఆయన ఊగిసలాడుతుంటే లలిత ఆంటీ రంగంలోకి దిగింది.

“శైలూ, చెప్పు ఆయనకి. టోపీ, రెండు కాగితాలు, ఆ ఓడ మెనూ కూడా ఇస్తే ఆలోచిస్తాం అను.”

“ఆంటీ, అంత ఎక్కువ అడిగితే...”

“నువ్వు చెప్పవే! బెజవాడ బీసెంట్ రోడ్డులో బేరమాడి చీర కొన్నదాన్ని నేను. వెనక్కి తిరిగి నడిచామంటే వాడే పిలుస్తాడు.”

తిరిగి నడిచింది. లెన్ పిలిచాడు.

సాయంత్రానికి మన పిల్లలు కాగితపు టోపీలతో, ఆ పెద్దపిల్లలు రేకు చిలకలతో ఫోటోలు దిగారు. అందరూ సంతోషించారని అబద్ధం చెప్పను. పిల్లలు పట్టు విడవకపోవడంతో కొందరికి చిలక దక్కలేదు. ఒకాయన నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ చివుక్కుమంటుంది. కానీ వెళ్ళేముందు ఇంకో నలుగురు అమ్మలు తమ పిల్లల పుట్టినరోజులకి ఓడని బుక్ చేశారు. కెల్లీ రాసుకోలేక అలిసిపోయింది.

కెప్టెన్ నన్ను పిలిచాడు. “నిన్ను పనిలోంచి తీసేద్దామనుకున్నాను షైలా. కానీ నా పిల్లలు ఇంత అల్లరి చేయడం వాళ్ళ అయిదో ఏట చూశాను, మళ్ళీ ఇవాళ చూశాను. ఇకనుంచి పార్టీలన్నీ నువ్వే చూసుకో.” ఒక్క క్షణం ఆగి, “ఒక షరతు. నేను చెప్పింది నాకు తిరిగి చెప్పాలి,” అన్నాడు.

“ఐ విల్ రిపీట్ ఎవ్రీథింగ్, కెప్టెన్,” అని అక్కడికక్కడే రిపీట్ చేశాను.

కథ ఇక్కడితో ఆగితే నేను మామూలు మనిషినే. ఆగలేదు. లెన్ వెళ్తూ వెళ్తూ ఆ చిరిగిన కాగితాలు పారేయొద్దన్నాడు. క్లబ్‌లో వాటిని కూడా దాచుకుంటారట! చేసిన పాపం కడుక్కునే అవకాశం దొరికిందని పొంగిపోయి, అన్నీ ఏరి, ఇంటికి తెచ్చాను. ముడతలు పడి ఉన్నాయి. ఆదివారం అమ్మ నాన్న చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ కాఫీకి లేవగానే, బోర్డు మీదున్న తెల్ల చొక్కా మీదే కాగితాలు పరిచి, ఇస్త్రీపెట్టెతో ప్రేమగా రుద్దాను.

మైనం కాగితాన్ని ఇస్త్రీ చేస్తే ఏమవుతుందో పదో తరగతి సైన్సులో ఉందిట. కాగితాలు తెల్లబడ్డాయి. సిరా అంతా చొక్కాలోకి దిగింది. నాన్న ఆఫీసు చొక్కా వీపు నిండా ఆకుపచ్చ చిలకలు, అన్నీ తిరగబడి ఎడమవైపు చూస్తూ!

అమ్మ గుండెలు బాదుకుంది. నాన్న చొక్కా తొడుక్కుని, అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి చూసుకున్నాడు. “బావుందే!” అన్నాడు. ఆ శుక్రవారం దాన్నే వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా తిరిగి వీపు చూపించాడు.

వారం తర్వాత కాగితాల కోసం లెన్ ఓడకి వచ్చాడు. నన్ను తీసుకెళ్ళడానికి నాన్న అదే చొక్కాతో వచ్చి గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాడు. జరిగింది చెప్పాను. లెన్‌కి కోపం రాలేదు. నాన్న చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగాడు.

“ఇలాంటిది ఈ భూమ్మీద ఇంకొకటి లేదు,” అన్నాడు. “నా దగ్గరున్న సెట్ మొత్తం ఇస్తాను. ఈ చొక్కా ఇవ్వండి.”

నాన్న రెండు చేతులూ గుండెల మీద కట్టుకున్నాడు. “సారీ సార్. ఇది మా అమ్మాయి డిజైన్. ఫస్ట్ జాబ్. నాట్ ఫర్ ఎక్స్‌ఛేంజ్.”

ఆ చొక్కా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. క్లబ్ వాళ్ళు మాత్రం దాన్ని ‘దొరకని వస్తువుల’ పట్టికలో చేర్చుకున్నారట. యాభై ఏళ్ళ చరిత్ర గల ఆ ఓడకి నేను చేర్చిన వస్తువు అదొక్కటే అయినా, అలాంటిది చేర్చినవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పండి!

అయినా తప్పు తప్పే. అందుకని ఇందుమూలంగా, ఈ కథ చదివిన మీ అందరి సాక్షిగా, ఒంటి కన్ను కాక రెండు కళ్ళూ తెరిచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా ‘పిల్లలు’ అంటే వాళ్ళ వయసెంతో కనుక్కోకుండా చాక్లెట్ ముక్క కూడా పంచను. ఎవరి పొట్లమూ వాళ్ళ కళ్ళెదుట తప్ప చింపను. మైనం పూసిన ఏ వస్తువునీ ఇస్త్రీపెట్టె దరిదాపులకి రానివ్వను. ఈ ప్రమాణం నేను పొరపాటున తప్పితే, మా నాన్న ఇంకో చొక్కాని త్యాగం చేయడానికి సిద్ధంగా ఉన్నానని మాట ఇచ్చాడు. తెల్లవే కొంటున్నాడు కూడా.